ఆరా తీసేవారికీ హద్దులున్నాయి

దివ్యఖుర్‌ఆన్ హుజురాత్ సూరా 12వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులను మూడు విషయాల నుంచి వారించాడు. మొదటిది అతిగా అనుమానించడం, రెండవది ఇతరుల గుట్టు కూపీ లాగడం, మూడవది పరోక్షనింద. రెండవ దానినే ధర్మపండితులు ‘తజస్సుస్’ అంటారు. ఈ వరుసలో గొప్ప హితబోధ ఉంది. అనుమానం మనిషిని కూపీకి పురికొల్పుతుంది. కూపీలో దొరికినది నలుగురి నోళ్ళలో పడుతుంది.

ఈ ఆదేశం ఇంటి గోడలకు, కిటికీలకు మాత్రమే పరిమితం కాదు. నేడు తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి పట్టణాలలో మస్జిదు ప్రకటనలు, జకాత్ సహాయాలు, పెళ్ళి సంబంధాలు వాట్సాప్ గ్రూపులలో సాగుతున్నాయి. ఈ మూడు ఊళ్ళ కుటుంబాలున్న ఒక గ్రూపులో, నిశ్చితార్థమైన ఒక అమ్మాయి మీద కొత్త నంబరు నుంచి అపవాదు వచ్చిందనుకుందాం. అనుమానం ఒక యువకుని మీద పడుతుంది. గ్రూపు బాధ్యులు అతని ఫోను లాక్కుని సందేశాలన్నీ చదువుతారు. సిమ్ కార్డులు అమ్మే దుకాణంలో తెలిసినవారిని పట్టుకుని ఆ నంబరు ఎవరి పేరున ఉందో ఆరా తీస్తారు. చివరికి ‘ఇతడే’ అంటూ ఫోటోతో సహా అన్ని గ్రూపులకు పంపుతారు. ఆ పని చేసినది అతడు కాకపోతే? ఒక అమ్మాయి పరువు కాపాడబోయి ఒక అబ్బాయి పరువు తీసినట్లే కదా!

బయటపడినది, దాగి ఉన్నది

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) వద్దకు ఒక వ్యక్తిని తెచ్చి, ఇతని గడ్డం నుంచి మద్యం కారుతోందని చెప్పారు. కూపీ లాగడం మనకు నిషేధించబడిందని, అయితే ఏదైనా దానంతటదే బయటపడితే దానిపై చర్య తీసుకుంటామని ఆయన బదులిచ్చారు. అబూదావూద్‌లో ఈ ఉల్లేఖనం ఉంది.

హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)తో కలసి మదీనాలో గస్తీ తిరుగుతుండగా ఒక ఇంటిలో దీపం వెలుగు కనిపించింది. కేకలు వినిపించాయి. లోపల మద్యం సేవిస్తున్నారని ఉమర్ (రజి) అన్నారు. అల్లాహ్ వద్దన్న కూపీ పని మనమే చేశామని అబ్దుర్రహ్మాన్ (రజి) గుర్తుచేశారు. ఖలీఫా వెనుదిరిగారు. అధికారం ఉన్నవారికే ఈ హద్దు ఉన్నప్పుడు, ఒక గ్రూపు అడ్మిన్‌కు ఉండదా?

కనుక గ్రూపులో అందరి ఎదుటా పడిన అపవాదు బయటపడిన విషయం. దానిని తొలగించాలి, పంపినవారిని నిలదీయాలి. శీలవతులపై అపవాదు మోపి నలుగురు సాక్షులను తేలేనివారికి నూర్ సూరా 4వ ఆయతు కఠిన శిక్ష విధించింది. కాని అనుమానితుని ఫోనులోని సొంత సందేశాలు మూసి ఉన్న ఇల్లు. అనుమతి లేనిదే ఆ గడప దాటరాదు.

హదీసు పండితుల బాట

మరి విచారణే వద్దా? అలా కాదు. హదీసు పండితులు ఉల్లేఖకుల సత్యసంధతను పరీక్షించి ‘జరహ్ వ తాదీల్’ అనే శాస్త్రాన్నే నిర్మించారు. ధర్మరక్షణకు అది అవసరమైంది. అయితే వారు నియమాలు పెట్టుకున్నారు. కారణం వివరించని ఆక్షేపణను చాలామంది పండితులు అంగీకరించలేదు. ఒక లోపం చెబితే సరిపోయే చోట రెండవ లోపం చెప్పడం తగదన్నారు. విచారణ చేసేవాడు తన కారణం బయట పెట్టాలి, ఎదుటివాని గుట్టు అవసరానికి మించి బయట పెట్టకూడదు. నేడు జరుగుతున్నది దీనికి తలకిందులు. విచారించిన తీరు రహస్యం, మనిషి వివరాలు బహిరంగం!

దేశ న్యాయం కూడా ఇదే దిశలో నడిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 1986లో స్టాంపుల చట్టానికి చేసిన సవరణ, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా బ్యాంకులో సైతం ప్రవేశించి పత్రాలు తనిఖీ చేయవచ్చన్నది. కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2004లో దానిని చెల్లదని తీర్పునిచ్చింది. ఖాతాదారు తన పత్రాన్ని బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన దాని గోప్యత పోదన్నది. జకాత్ కోసం ఒక వితంతువు పంపిన ఆధార్ ప్రతి, బ్యాంకు ఖాతా నంబరు కూడా అలాంటివే. అవి మన చేతిలో అమానతు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది.

గ్రూపు బాధ్యులు పాటించవలసినవి

1. ఏ తప్పుకు విచారణ ఉంటుందో, ఎవరు చేస్తారో సభ్యులకు ముందే తెలియజేయాలి.

2. ఒక్కరే విచారించరాదు. కనీసం ఇద్దరుండాలి. ఏమి చూశారో, ఎందుకు చూశారో రాసి ఉంచాలి. దొంగ ఖాతాలను పరిశీలించే వికీపీడియాలో కూడా ఈ అధికారం ఒక భాషా విభాగంలో ఒక్కరికే ఇవ్వరు, కనీసం ఇద్దరికి ఇస్తారు. ప్రతి పరిశీలన నమోదవుతుంది.

3. ఆరోపణ ఏమిటో ఆ వ్యక్తికి చెప్పి, అతని మాట వినాలి. రెండవ పక్షం మాట వినకుండా తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)కి బోధించారు.

4. నిర్ణయం ప్రకటించేటప్పుడు అవసరమైనంతే చెప్పాలి. పొరపాటని తేలితే, ఆరోపణ ఎంతమంది విన్నారో అంతమంది ముందే అతని నిర్దోషిత్వం చెప్పాలి.

5. బెదిరింపు, మోసం, మార్చిన ఫోటోలు వంటి నేరాలైతే పోలీసులకు అప్పగించాలి. నంబరు ఎవరిదో చట్టప్రకారం రాబట్టే అధికారం వారిది, దుకాణదారునిది కాదు.

సోదరులారా! ప్రజల లోపాల వెంటబడితే వారిని పాడుచేసినవారవుతారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. తోటి ముస్లిం లోపాన్ని కప్పినవాని లోపాన్ని ఇహపరాలలో అల్లాహ్ కప్పుతాడని శుభవార్త ఇచ్చారు. మన లోపాలన్నీ ఎరిగినవాడు వాటిని కప్పి ఉంచడం వల్లనే మనం నలుగురిలో తలెత్తుకు తిరుగుతున్నాము. చేతికి వచ్చిన అధికారాన్ని అమానతుగా మోసే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.