సరిహద్దులు దాటు నదులు – నీటి న్యాయము

చెరువు క్రింద తూము దగ్గరి రైతు నీరు కట్టివేసినచో చివరి భూమివాడు గ్రామపెద్దల యొద్దకు పోవును. అచ్చట తీరకున్న కచేరి కెక్కును. నది రెండు రాజ్యములలో పారునపుడు దిగువవాడు ఎవరితో మొరపెట్టుకొనవలెను?

రియో గ్రాండే నదికి ఎగువన కొలరాడో, న్యూ మెక్సికో సీమల రైతులు కాలువలు త్రవ్వి నీరు మలపుకొనగా, దిగువన మెక్సికో రైతులకు నీరు కరవాయెను. మెక్సికో ప్రభుత్వము మొరపెట్టగా, 1895లో అమెరికా ప్రభుత్వ న్యాయాధికారి జడ్సన్ హార్మన్, తమ నేలపై నీటికి తామే సర్వాధికారులమనియు, దిగువకు విడువవలెనను న్యాయసూత్ర మేదియు లేదనియు అభిప్రాయ మిచ్చెను. ఇస్సాకు త్రవ్వించిన బావికడ గెరారు కాపరులు చేసిన వాదమే యిది. కాని ఆ ప్రభుత్వమే ఆ మాటపై నిలువలేదు. 1906లో సంధి చేసికొని, యేటేట 60,000 ఎకరపు అడుగుల నీరు మెక్సికోకు విడుచుటకు ఒప్పుకొనెను. ఎకరము నేలపై అడుగు లోతున నిలుచు నీరు ఒక ఎకరపు అడుగు. ఇది హక్కుగా గాక సౌహార్దముచే నిచ్చుచున్నామని వ్రాయించుకొనిరి. హక్కో, సౌహార్దమో, చేనికి కావలసినది నీరు. మనము గుర్తింపదగినది వేరొకటి కలదు. గొప్ప అనావృష్టి వచ్చినపుడు అమెరికా పొలములకు ఏ వంతున నీరు తగ్గునో, మెక్సికోకును ఆ వంతుననే తగ్గును. కరవునాట మన చెరువుల క్రింద పెద్దలు చేయు యేర్పాటు ఇదియే గదా.

1997లో ఐక్యరాజ్యసమితి యందు ఈ విషయమై ఒక ఒడంబడిక 103 రాజ్యముల వోటుతో అంగీకరింపబడి, 2014లో అమలులోనికి వచ్చెను. చైనా, తుర్కీ, బురుండీ ఎదిరించినవి; ఇండియా తటస్థముగ నుండెను. నదిని న్యాయముగను సముచితముగను వాడుకొనవలెను. పొరుగువారికి గణనీయమైన హాని కలుగనీయరాదు. ఈ రెండును మూలసూత్రములు. ఆనకట్ట కట్టదలచినవారు ముందుగ తెలుపవలెను; జవాబునకు ఆరు మాసముల గడువు. న్యాయమైన వంతనగా సరిసగము కాదు. వర్షపాతము, జనసంఖ్య, పూర్వపు వాడుక మున్నగునవన్నియు చూడవలసి యుండును. ఎగువ రాజ్యము మొదటి సూత్రమును, దిగువ రాజ్యము రెండవదానిని పట్టుకొని వాదించును. చేరనివారిని ఒడంబడిక కట్టజాలదు, ఇండియా చేరలేదు.

కావున ఇరుగుపొరుగు సంధులే ముఖ్యములు. 1948 ఏప్రిల్ 1న తూర్పు పంజాబు పాకిస్తాను కాలువలకు నీరు నిలిపెను. ఆ తగవు 1960 సింధు సంధితో తీరెను: రావి, బియాస్, సట్లెజ్ మనకు, సింధు, జీలము, చీనాబు ముఖ్యముగ వారికి. యుద్ధములను దాటి నిలిచిన ఆ సంధిని, పహల్గాము ఘాతుకము పిమ్మట 2025 ఏప్రిల్‌లో ఇండియా నిలిపివేసినట్లు ప్రకటించెను. అయినను పడమటి నదులపై గొప్ప జలాశయములు లేనందున, ప్రకటనతోనే ప్రవాహము ఆగిపోదు.

1996లో బంగ్లాదేశముతో 30 సంవత్సరములకు చేసికొన్న గంగ సంధి రైతులకు సులభముగ బోధపడును. జనవరి మొదలు మే వరకు పదేసి దినముల లెక్క. ఫరక్కా కడ ప్రవాహము 70,000 క్యూసెక్కులు గాని అంతకు తక్కువ గాని యున్న చెరిసగము. 75,000కు మించిన ఇండియాకు 40,000, మిగిలినది బంగ్లాదేశమునకు. నడుమ నున్న బంగ్లాదేశమునకు 35,000. ఏ పది దినములలోనైనను 50,000కు తగ్గినచో ఉభయులును వెంటనే కూర్చుండి మాటలాడవలెను. విడిచితిమని యొకరు, చేరలేదని యొకరు అనకుండుటకై, ఫరక్కా కడను, దిగువ హార్డింజి వంతెన కడను ఉభయుల మనుష్యులు కలిసి ప్రతిదినము నీటిని కొలిచి వ్రాసికొనునట్లు ఏర్పరచిరి.