మాటకు ముందు తడి

సంఘ కార్యాలయములందు నేడు టెలిఫోనును కంప్యూటరులును తరచుగా ఒకే ఇంటర్నెట్టు తీగపై నడచుచున్నవి. పెద్ద దస్త్రము వెలువడునప్పుడు రైతునకు మనము చెప్పు మాట తునుకలగును. మందు మోతాదు పొరపాటున విన్నచో పైరునకే ముప్పు.

మాట సాధారణముగా సెకండునకు 50 చిన్న పొట్లములుగా పోవును. దస్త్రము ఆలస్యమైనను చెడదు. మాటకు మాత్రము ఆలస్యము 150 మిల్లీసెకండ్లు మించకుండుట మేలు.

తోటపల్లి కాలువ క్రింద నీరు చాలనప్పుడు ముందుగా నారుమడి తడుపుదుము గదా! అట్లే మాట పొట్లములకు 46 అను గుర్తు వేసి, రౌటరునందు వానికి ముందు వరుస నియ్యవలెను. అయితే ఆ వరుసకు హద్దుండవలెను. లేనిచో తక్కిన పనులెండిపోవును. జి.711 పద్ధతిలో ఒక సంభాషణకు ఒక్కొక్క వైపున సుమారు 87 కిలోబిట్లు కావలెను. నాలుగింటికి 350 చాలును.

ఈ తూము మన గట్టువరకే. ఆవల కంపెనీవారి తీగపై మన గుర్తు చెల్లునని నమ్మరాదు. కావున పెద్ద దస్త్రము పంపుచునే ఫోను చేసి, అవతలివారికి మాట తెగక వినబడుచున్నదో లేదో పరీక్షింపుడని సంఘ కార్యదర్శులకు మా మనవి.