రొమ్ము అనే మాట

ప్రబంధం క్లాసులో మేడమ్ పద్యం చెబుతుంటే మనమంతా తలలు వంచుకుంటాం, గుర్తుందా? కుచాలు, చన్నులు, పాలిండ్లు అని మన కవులు ఎన్ని పేర్లు పెట్టారో! పరీక్షలో అర్థాలు కూడా రాస్తాం. అదే మాట డాక్టర్ ముందు చెప్పాల్సి వస్తే? నాకు పదిహేనేళ్లప్పుడు ఆ అవసరం వచ్చింది. చెప్పలేకపోయాను. చిన్నమ్మని అడిగే ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది తిరువళ్లూరు జిల్లా వెంగల్. ఇంట్లో అమ్మతో తెలుగు, నాన్నతో తమిళం. చిన్నమ్మ పుత్తూరు నుంచి మా ఊరికే కోడలుగా వచ్చింది. అప్పుడు తనకి 31 ఏళ్లు, తమిళం అంతంత మాత్రం. "ఎడమ రొమ్ములో గడ్డ తగులుతా ఉంది పాపా, నొప్పేం లేదు. డాక్టర్‌కి నువ్వే చెప్పాల" అని నన్ను తోడు తీసుకెళ్లింది. లోపల మగ డాక్టర్. నాకు నోరు పెగల్లేదు. "నెంజు ఒరు మాదిరి ఇరుక్కు" అన్నాను. నెంజు అంటే ఛాతీ. ఆయన స్టెతస్కోప్ పెట్టి చూసి గ్యాస్ మాత్రలు రాశారు. ఆయన తప్పు కాదు, నేను చెప్పినదానికే మందిచ్చారు. నొప్పి లేదు కదా అని చిన్నమ్మా ఊరుకుంది. నాలుగు నెలల తర్వాత, బీపీ చూడడానికి ఇంటికొచ్చిన నర్సమ్మ నేరుగా అడిగితే సంగతి బయటపడింది. అడయార్‌లో బయాప్సీ చేశారు. క్యాన్సర్ అన్నారు.

ఆ జబ్బు పేర్లు చూడండి. క్యాన్సర్ అంటే లాటిన్‌లో ఎండ్రకాయ. తమిళంలో 'పుట్రునోయ్', పుట్రు అంటే మన పుట్టే. తెలుగులో పాతవాళ్లు రాచపుండు అనేవారు. మూడూ భయపెట్టే పేర్లే. జరిగేది మాత్రం ఒకటే: శరీరంలో కొన్ని కణాలు అదుపు తప్పి పెరుగుతాయి, వదిలేస్తే పక్కకి పాకుతాయి. కాబట్టి ఎంత ముందు తెలిస్తే అంత మేలు.

అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వెనకా ఒక అక్కాచెల్లెళ్ల కథ ఉంది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోయింది. అది మొదట్లో ఎవరికీ అంతుపట్టలేదు. ఆ బాధతోనే ఆవిడ ఏళ్ల తరబడి పోరాడి 1954లో ఆ ఆస్పత్రిని తెరిపించారు.

"ఈ వయసులోనా?" అని మా ఇంట్లో అందరూ అన్నారు. వయసు పెరిగేకొద్దీ ఎక్కువగా వచ్చే జబ్బే గానీ, చిన్న వయసు వాళ్లకి రాదని కాదు. మిర్చి, అత్తారింటికి దారేది సినిమాల్లో నటించిన హంసానందిని తనకి రొమ్ము క్యాన్సర్ అని 2021 డిసెంబర్‌లో అందరికీ చెప్పింది. వాళ్లమ్మా అదే జబ్బుతో పోయారు. పరీక్షలో బీఆర్‌సీఏ1 అనే జన్యువులో మార్పు ఉందని తేలింది. ఆ మార్పు తల్లి వైపు నుంచైనా, తండ్రి వైపు నుంచైనా రావచ్చు. మరుసటి ఏడాది ఆమె మళ్లీ షూటింగ్‌కి వెళ్లింది.

మనం గమనించాల్సినవి: రొమ్ములోగానీ చంకలోగానీ గడ్డ, చర్మం సొట్ట పడటం, చనుమొన లోపలికి లాగుకోవడం, రక్తం కారడం. చాలాసార్లు గడ్డకి నొప్పి ఉండదు. మన వయసులో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, కానీ అది తేల్చాల్సింది డాక్టరే. వయసులో ఉన్నవాళ్ల రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది, మామోగ్రామ్‌లో సరిగా కనపడదు. అందుకే ముందు అల్ట్రాసౌండ్ తీస్తారు. బిడ్డకి పాలిచ్చేవాళ్లు "పాలగడ్డేలే" అని వదిలేయకూడదు.

చిన్నమ్మకి ముందు కీమో, తర్వాత ఆపరేషన్, ఆపైన రేడియేషన్. జుట్టు మొత్తం రాలింది. నెలసరి ఆగిపోయింది. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు కీమోకి ముందే డాక్టర్‌తో ఆ మాట మాట్లాడుకోవాలట. ఆపరేషన్ తర్వాత ఎడమ చెయ్యి పైకి లేచేది కాదు. గోడకి ఎదురుగా నిలబడి వేళ్లు పైకి పాకించమన్నారు. రోజూ ఎంత ఎత్తు అందిందో నేను పెన్సిల్‌తో గీత గీసేదాన్ని. మొదటి గీత నడుము దగ్గర. మూడు నెలలకి గూట్లో పప్పుడబ్బా అందుకుంది.

ఇప్పుడు జుట్టొచ్చింది, కొంచెం ఉంగరాలు తిరిగి. రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది, ఇంకా కొన్నేళ్లు వేసుకోవాలి. చెకప్‌కి వెళ్లే ముందు రాత్రి మాత్రం నిద్రపోదు. నేను క్షమాపణ అడిగితే, "నీకేం తెలుసు పాపా, ఆ మాట నేనే తమిళంలో నేర్చుకోనుంటే పోయుండేది" అంది. ఆ నాలుగు నెలలు మాత్రం నాకు మరపు రావు.

కాబట్టి ఈ వారం పాఠం రెండే వాక్యాలు. తెలుగులో: "నా రొమ్ములో గడ్డ తగులుతోంది." తమిళంలో: "ఎన్ మార్బగత్తిల కట్టి ఇరుక్కు." రెండూ ఒకసారి పైకి చదవండి. ఇంటికెళ్లి అమ్మ చేత, అత్త చేత కూడా చదివించండి.