గాలపాగోస్ దీవులలో బస

దూరదేశమునకు పయనమగువానికి మొదట కలుగు చింత యేమి? త్రోవ యెట్టిదో, తిండి యెట్టిదో అని తలచుటకు ముందే, రాత్రి తలదాచుకొనుట యెచ్చట అను ప్రశ్న వాని మనస్సున మెదలును. పూర్వము మన దేశమున బాటసారులు సత్రములలో దిగుచుండిరి. సత్రము లేనిచోట పూటకూళ్ళ యింటికి పోవుచుండిరి. అదియును లేనిచో ఏ గృహస్థుని అరుగుమీదనో పరుండుచుండిరి. ఎచ్చట దిగినను మంచి బాటసారి ఒక నియమమును మాత్రము మఱువడు. తెల్లవాఱి లేచి పోవునపుడు తాను పరుండిన చోటు తాను వచ్చినప్పటివలెనే ఉండవలెను. ఈ చిన్న నియమము కొన్ని దీవులకు ప్రాణాధారమైన విధమును ఈ పాఠమున తెలిసికొందము.

దక్షిణ అమెరికా ఖండపు పడమటి తీరమున ఈక్వడార్ అను దేశము కలదు. ఆ తీరమునకు పడమరగా సుమారు 1,000 కిలోమీటర్ల దూరమున, పసిఫిక్ మహాసముద్రము నడుమ, భూమధ్యరేఖకు ఇరువైపుల గాలపాగోస్ దీవులు చెదరియున్నవి. వానిలో పెద్దవి 13. ఇవి సముద్రగర్భమునుండి అగ్నిపర్వతములు వెడలగ్రక్కిన లావాతో ఏర్పడినవి. ఏనాడును ఖండముతో కలిసియున్నవి కావు. కావున ఎగిరియో, ఈదియో, నదులు కొట్టుకొనితెచ్చిన మ్రాకులపై తేలియో వచ్చిన ప్రాణులు మాత్రమే ఇచ్చట నిలద్రొక్కుకొని, తరతరములుగ క్రొత్త రూపములు దాల్చినవి. సముద్రములో మునిగి నాచు మేయు ఇగువానా అను ఉడుమువంటి జంతువు ఇచ్చట కలదు. రెక్కలు కుఱుచయై ఎగురలేని నీటికాకి కలదు. భూమధ్యరేఖకడ బ్రదుకు పెంగ్విన్ పక్షి కలదు. అన్నిటికంటె వింతయైనది రాక్షసి తాబేలు. అది నూఱేండ్లకు మించి జీవించును. 200 కిలోగ్రాములకు పైగా తూగును. ఈ దీవులకు ఆ పేరు వచ్చుటకు ఈ తాబేలే కారణము. 1835లో ఛార్లెస్ డార్విన్ ‘బీగిల్’ అను ఓడలో వచ్చి, ఇచ్చట ఐదు వారములు సంచరించెను. జీవపరిణామమును గూర్చి ఆయన పిమ్మట చేసిన ఆలోచనలకు ఈ దీవుల ప్రాణులు తోడ్పడినవి.

ఇచ్చటి జంతువుల స్వభావము నొకటి గమనింపుడు. మనుష్యుడు లేని చోట తరతరములు పెరిగినందున వానికి మనుష్యుడన్న బెదురు లేదు. పక్షి గూటిలో కూర్చుండి మనవైపు తేఱిపాఱ జూచునే గాని లేచిపోదు. చూడవచ్చినవానికి ఇది పండుగ. చెఱుపవచ్చినవానికిని ఇదియే అదను.

మొదట వచ్చిన అతిథులు చెఱుపువారే. పదునేడవ శతాబ్దినుండి సముద్రపు దొంగలును, పిదప తిమింగలములను వేటాడు నావికులును ఈ దీవులయందు దిగుచుండిరి. రాక్షసి తాబేళ్ళు తిండియు నీరును లేక నెలల తరబడి బ్రదుకగలవని వారు కనుగొనిరి. ఇక నేమున్నది! వానిని వందలకొలదిగ పట్టి, ఓడల అడుగున పేర్చి, దారిలో మాంసమునకై కొనిపోవుచుండిరి. ఈ విధముగ లక్షకు పైగా తాబేళ్ళు నశించినవని అంచనా. 1820లో ‘ఎసెక్స్’ అను తిమింగలపు వేట ఓడ నావికు డొకడు వేళాకోళమునకై ఫ్లోరియానా దీవిపై పొదలకు నిప్పు పెట్టెను. ఎండకాలమగుటచే మంట అంతట అల్లుకొనెను; ఓడ మఱునాడు దూరము పోయినను నింగి యెఱ్ఱగ కానవచ్చుచునే యుండెనట! వచ్చిపోవువారు విడిచిన మేకలు, పందులు, ఎలుకలు తక్కిన కీడును పూర్తిచేసినవి. మేకలు పచ్చిక యంతయు మేసివేయగా తాబేళ్ళకు మేత కఱవయ్యెను. ఎలుకలు గ్రుడ్లను, పిల్లలను తినివేసినవి.

ఈ చేటు నాపుటకై ఈక్వడార్ ప్రభుత్వము 1959లో ఈ దీవులను జాతీయోద్యానముగ ప్రకటించెను. దీవుల నేలలో నూటికి 97 పాళ్ళు ఉద్యానమునకు చేరినది; అప్పటికే జనులు కాపురమున్న 3 పాళ్ళు మాత్రమే ఊళ్ళకును పొలములకును మిగిలినది. 1978లో యునెస్కో సంస్థ వీనిని ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చెను. 1998లో చుట్టుపట్ల సముద్రమును సయితము రక్షిత ప్రదేశమయ్యెను. ఇపుడు అచ్చటికి పోవు యాత్రికుల సంఖ్య పెరిగినది. 2023లో మూడు లక్షలకు పైగా జనులు వచ్చిరి. కాపురమున్నవారు ముప్పది వేల ప్రాంతమున ఉందురు. అనగా ఇంటివారికంటె చుట్టములు పది రెట్లు! ఇట్టిచోట అతిథి యెచ్చట దిగవలయును, ఎట్లు దిగవలయును అనునది అల్పవిషయము కాదు.

ఉద్యానపు నేలలో హోటలు కట్టరాదు. కొన్ని నిర్ణీత స్థలములలో, ముందుగా అనుమతి పొందినవారు తప్ప, ఎవ్వరును గుడారము వేయరాదు. కావున యాత్రికునకు రెండే దారులు గలవు. ఒకటి ఓడలో బస. రెండవది ఊరిలో బస.

ఓడలో దిగినవానికి ఓడయే ఇల్లు. పగలు ఒక దీవిపై దిగి చూచుట, రాత్రి నిదురించుచుండగా ఓడ వేఱొక దీవికి సాగిపోవుట, ఇది అచ్చటి పద్ధతి. చిన్న ఓడలలో 16 మంది యాత్రికులుందురు. ఎంత పెద్ద ఓడయైనను నూర్గురకు మించరాదు. దిగునపుడు శిక్షణపొందిన మార్గదర్శి వెంట ఉండవలయును. ఒక మార్గదర్శి వెంట 16 మందికి మించి పోరాదు. ఒక ఓడ ఒకే చోటికి పదునాల్గు దినములలోపల మఱల పోరాదను నిబంధనయు కలదు. జనులు నివసింపని దూరపు దీవులను చూడగోరువారికి ఓడయే తగినది. ఉత్తరమున జెనోవేసా పక్షుల దీవి. పడమర ఫెర్నాండినాలో ఎగురలేని నీటికాకులును, గుంపులు గుంపులుగ ఇగువానాలును ఉండును. అయితే ఓడకు వ్యయ మధికము. సముద్రము పడనివానికి కడుపులో త్రిప్పును. జూన్ మొదలు నవంబరు వఱకు గాలియు చలియు హెచ్చు, అలలు పెద్దవి. జనవరి మొదలు మే వఱకు సముద్రము కొంత శాంతముగ నుండును.

ఊరిలో దిగదలచినవానికి నాలుగు దీవులు గలవు. శాంతా క్రూజ్ దీవిలోని ప్యూర్టో అయోరా వానిలో పెద్ద ఊరు. విమానము దిగు బాల్ట్రా దీవినుండి ఇఱుకైన జలసంధిని పడవపై దాటి, బస్సులో దీవికి అడ్డముగ పోయి ఆ ఊరు చేరవలయును. అచ్చట పలు తరగతుల హోటళ్ళు గలవు. ప్రొద్దుట మరపడవలో చుట్టుపట్ల దీవులకు పోయి, సాయంకాలమునకు తిరిగిరావచ్చును. ఊరి చేపల అంగడికడ పెలికన్ పక్షులును, సముద్ర సింహములును చేప తునకలకై కాచియుండును. శాన్ క్రిస్టోబాల్ దీవిలోని ప్యూర్టో బకెరిసో మొరేనో ఈ దీవులకు ముఖ్యపట్టణము. ఇచ్చట సముద్ర సింహములు తీరపు బల్లలపై పవళించి, మనుష్యులను నిలుచుండబెట్టును! ఇసబెలా దీవి అన్నిటికంటె పెద్దది. అందలి ప్యూర్టో విల్యమిల్ ఇసుక వీథుల చిన్న ఊరు. సియెర్రా నెగ్రా అను అగ్నిపర్వతపు విశాలమైన బిలమును చూచుటకు ఇచ్చటినుండి పోవుదురు. ఫ్లోరియానాలో జనులు మిక్కిలి కొలదిమంది. ఆ దీవిలో ఒక తీరమున పీపా యొకటి కలదు. పూర్వము నావికులు అందు జాబులు వేసిపోగా, ఇంటిముఖము పట్టిన ఓడలవారు వానిని కొనిపోయి అందజేయుచుండిరి. ఆ యాచారమును నేటి యాత్రికులును పాటించుచున్నారు.

ఈ రెండు దారులలో ఏది మేలు? అది పోవువానినిబట్టి యుండును. పక్షులను గూర్చి చదువుకొన్నవా డొకడు, వారము దినములు తీఱిక గలవాడు పోవుచున్నాడనుకొందము. అతనికి చిన్న ఓడ మంచిది. వృద్ధుడైన తండ్రిని, పసిబిడ్డను వెంటబెట్టుకొని పోవు గృహస్థునకు ఊరిలో హోటలు మేలు. ఒకనాడు ఎవరికైన నలతగ నున్నచో గదిలో విశ్రమింపవచ్చును, అవసరమైన వైద్యుడు దొరకును. చేతిలో కొలది ధనము గల విద్యార్థి ఊరిలో చిన్న బస జూచుకొని, మార్గదర్శి యక్కఱలేని సముద్రతీరములకు నడచిపోయి చూడవచ్చును. అట్లు ఊరిలో దిగినవాని ధనములో కొంత పడవవానికి, వంటయింటివానికి, అంగడివానికి చేరును. తమ బ్రదుకు ఈ జంతువులపై ఆధారపడియున్నదని యెఱిగిన ఊరివారు వానిని కాపాడుటకు పూనుకొందురు.

కాని ప్రతి బసకును ఒక వెల గలదు. అది యాత్రికుడు చెల్లించు పైకముతో తీఱునది కాదు. ఈ దీవులలో మంచినీరు కఱవు. ప్యూర్టో అయోరాలో నేల నెఱ్ఱెలనుండి తోడెడి నీరు ఉప్పన. త్రాగు నీటిని వేఱుగ కొనవలయును. యాత్రికుడు తినునది, వాడునది చాలవఱకు ఓడలలోను, విమానములలోను ఖండమునుండి రావలయును. అతడు పాఱవేసిన చెత్త అచ్చటనే మిగులును. ఓడలో దిగినవాడు ఇంధనమును కాల్చును. 2001 జనవరిలో ‘జెస్సికా’ అను ఇంధనపు ఓడ శాన్ క్రిస్టోబాల్ కడ రాళ్ళపై కెక్కి, చమురు సముద్రముపాలయ్యెను. కంటికి నష్టము కొంచెమే యనిపించెను. కాని శాంతా ఫే దీవిలో ఇగువానాలను ఏటేట లెక్కించు శాస్త్రజ్ఞులు, మఱుసటి యేడు నూటికి అఱువదికి పైగా చచ్చినవని కనుగొనిరి. బయటినుండి చేరిన ఒక యీగ పిచ్చుకజాతి పక్షుల గూళ్ళలో గ్రుడ్లు పెట్టుచున్నదని 1997లో తెలియవచ్చెను. ఆ యీగ పురుగులు పక్షిపిల్లల నెత్తురు పీల్చి చంపును. ఈ కారణముచేతనే విమానమెక్కుటకు ముందు ప్రయాణికుల సామగ్రిని సోదా చేయుదురు. పండ్లు, గింజలు, మట్టి అంటిన పాదరక్షలు కొనిపోనీయరు.

కావున బస నిశ్చయించుకొను తెలివిగల యాత్రికుడు గది యద్దె యెంత, కిటికీనుండి సముద్రము కనబడునా అని మాత్రమే అడిగి ఊరకుండడు. ఇంకను నాలుగు ప్రశ్నలు వేయును. ఈ నీరు ఎచ్చటిది? మురుగు ఎచ్చటికి పోవును? చెత్తను ఏమి చేయుదురు? ఇచ్చట పనిచేయువారు ఈ దీవులవారేనా? వీనికి తిన్నగ బదులు చెప్పగల యింటివాడే అతిథిని ఉంచుకొన దగినవాడు. అట్లే అతిథియు కొన్ని నియమములు పాటింపవలయును. జంతువునకు రెండు మీటర్ల దూరమున నిలువవలయును. దానికి తిండి పెట్టరాదు. గుర్తువేసిన బాటను దాటరాదు. గవ్వనుగాని, రాతినిగాని సంచిలో వేసికొనరాదు. 2024 ఆగస్టునుండి ఈక్వడార్ ప్రభుత్వము ఎక్కువమంది విదేశీ యాత్రికులనుండి తలకు 200 డాలర్ల ప్రవేశ రుసుము తీసికొనుచున్నది. అది అంతకుముందు 100 డాలర్లుగ నుండెను. ఆ రుసుము చెల్లించితినిగదా యని నియమము దాటు హక్కు ఎవనికిని రాదు.

ఇక ఈ దీవులలో మిక్కిలి దీర్ఘకాలము ఇంటికి దూరముగ బసచేసిన యాత్రికుల కథ చెప్పి ముగింతము. వారు మనుష్యులు కారు, తాబేళ్ళు. ఎస్పన్యోలా దీవిలో ఒకప్పుడు వేలకొలదిగ నున్న రాక్షసి తాబేళ్ళు, నావికులచేతను మేకలచేతను నశింపగా, 14 మాత్రమే మిగిలినవి. వానిలో ఆడువి 12, మగవి 2. దీవి విశాలము, అవి కొలది. ఒకదాని నొకటి కలిసికొనుటయే అరుదు. 1963 మొదలు 1974 వఱకు వానిని వెదకి, ఒక్కొక్కదానినే శాంతా క్రూజ్ దీవిలోని సంరక్షణ కేంద్రమునకు తెచ్చిరి. అమెరికాలోని శాన్ డియేగో జంతుప్రదర్శనశాలనుండి డియేగో అను మగ తాబేలును 1976లో తెచ్చి వానితో చేర్చిరి. ఈలోపల ఎస్పన్యోలాలో మేకలను లేకుండ జేసిరి. ఆ పదునైదింటి సంతతి సుమారు రెండువేలై, దఫదఫాలుగ సొంత దీవి చేరెను. 2020 జూన్ నెలలో ఆ పదునైదు పెద్ద తాబేళ్ళను పడవనెక్కించి, ఎస్పన్యోలాలో దింపి విడిచిరి. అర్ధశతాబ్దము పరుల పంచను గడపిన ఆ ముసలి ప్రాణులు మెల్లగ మెడలు చాచి, తమ యింటి నేలపై నడచిపోయినవి.

విద్యార్థులారా! ఆ దీవులు మొట్టమొదట వాని యిల్లు. మనము ఓడలో దిగినను, ఊరిలో దిగినను, అచ్చట చుట్టములమే. చుట్టము గౌరవము అతడు దిగిన గది వెలనుబట్టి యుండదు. అతడు పోయిన వెనుక ఇంటివారు సుఖముగ నుండుటనుబట్టి యుండును. మీరు గాలపాగోస్ పోవుదురో పోరో గాని, ఏ యడవికో, ఏ చెఱువుగట్టునకో, ఏ కొండకో విహారమునకు పోకమానరు. పోయిననాడు పూర్వపు బాటసారి నియమమును జ్ఞప్తియందుంచుకొనుడు.

ప్రశ్నలు

1. గాలపాగోస్ జంతువులకు మనుష్యుడన్న బెదురు లేకుండుటకు కారణమేమి? దానివలన కలిగిన కీడెట్టిది?
2. ఓడలో బసకును ఊరిలో బసకును గల గుణదోషములను పోల్చి వ్రాయుడు.
3. ‘ప్రతి బసకును ఒక వెల గలదు’ అను వాక్యమును వివరింపుడు.
4. ఎస్పన్యోలా తాబేళ్ళ కథను మీ సొంత మాటలలో వ్రాయుడు.
5. మీ ఊరి సమీపమున యాత్రికులు వచ్చు స్థల మొకదానిని గూర్చి వ్రాసి, అచ్చట పాటింపదగిన నియమములు ఐదింటిని తెలుపుడు.