హెడ్‌ఫోను కొనబోతున్నారా? ముందు మీ గది సంగతి చూడండి

మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు వీధుల్లో నడిచి చూడండి. పది మంది యువతీ యువకులు ఎదురైతే అందులో సగం మంది చెవులకు ఏదో ఒకటి తగిలించుకునే ఉంటారు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఈ ప్రాంతానికి రాత్రి అనేది లేకుండా పోయింది. రాత్రి పని, పగలు నిద్ర, మధ్యలో దొరికిన రెండు గంటల్లో పాటలు, ఆటలు. ఊరికి దూరంగా ఉన్న పిల్లలకు అదొక ఊరట. దాన్ని మేము తప్పు పట్టము. అయితే ఆ ఊరట కోసం చెవులను పోగొట్టుకోకూడదు.

కొన్ని నెలల క్రితం మా ఓ.పి.కి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వచ్చాడు. వయసు ఇరవై ఆరు. "సిస్టర్, పడుకుంటే ఎడమ చెవిలో గుయ్యిమని ఒకటే మోత అండి. ఫ్యాను ఆపినా ఆగడం లేదు" అన్నాడు. మాటల్లో తెలిసింది ఏమిటంటే, చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్లు మంచివి కావని ఎవరో చెప్పగా, అతడు చాలా డబ్బు పెట్టి ఓపెన్ బ్యాక్ రకం పెద్ద హెడ్‌ఫోను కొన్నాడు. అది చెవిని మూయదు కాబట్టి చెవికి మంచిదని అతని నమ్మకం.

"ఎక్కడ పెట్టుకుంటావు బాబూ?" అని అడిగాను.

"హాస్టల్లోనేనండి. గదిలో ముగ్గురం. కింద రోడ్డు, పైన ఫ్యాను, కిటికీలో కూలరు."

"సౌండు ఎంత పెడతావు?"

కాసేపు ఆలోచించి, "తొంభై దగ్గర పెడితే గాని సరిగ్గా వినబడదండి" అన్నాడు.

జబ్బు అక్కడే బయటపడింది. అతడు కొన్నది మంచి వస్తువే. కాని అది ఆ గదికి తగిన వస్తువు కాదు. ఈ పాఠంలో మీరు నేర్చుకోవలసిన ముఖ్య విషయం ఇదే: హెడ్‌ఫోను ఎంపిక ధరను బట్టి కాదు, మీరు కూర్చునే చోటును బట్టి జరగాలి.

చెవి లోపల ఏమి జరుగుతుంది?

శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలిక మూడు చిన్న ఎముకల ద్వారా లోపలి చెవికి చేరుతుంది. అక్కడ నత్తగుల్ల ఆకారంలో ఒక గొట్టం, దాని నిండా ద్రవం ఉంటుంది. ఆ గొట్టంలో దాదాపు 15 వేల సన్నని వెంట్రుకల వంటి కణాలు ఉంటాయి. ఇవే శబ్దాన్ని శ్రవణ నాడికి అందించేవి. గాలివానకు వరి చేను పడిపోయినట్లు, పెద్ద శబ్దానికి ఈ వెంట్రుకలు వాలిపోతాయి. విశ్రాంతి ఇస్తే మొదట్లో తిరిగి లేస్తాయి. పదే పదే అదే జరిగితే కణం చనిపోతుంది. మనిషిలో చనిపోయిన ఈ కణం మళ్ళీ పుట్టదు. అందుకే పెద్ద శబ్దం వల్ల పోయిన వినికిడిని మందులతో తిరిగి తేలేము.

ఎంత శబ్దం, ఎంతసేపు?

శబ్దాన్ని డెసిబెళ్ళలో కొలుస్తారు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60 డెసిబెళ్ళు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో విడుదల చేసిన ప్రమాణం ప్రకారం పెద్దలు 80 డెసిబెళ్ళ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకు అదే 40 గంటలకు 75 డెసిబెళ్ళు మాత్రమే.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోండి. 3 డెసిబెళ్ళు పెరిగితే శబ్దశక్తి రెట్టింపు అవుతుంది. కాబట్టి వినదగిన సమయం సగం అవుతుంది.

80 డెసిబెళ్ళు అయితే వారానికి 40 గంటలు
83 అయితే 20 గంటలు
86 అయితే 10 గంటలు
89 అయితే 5 గంటలు
92 అయితే రెండున్నర గంటలు

80 నుండి 89కి పెరిగినప్పుడు శబ్దశక్తి పెరిగినంత తేడా చెవికి మాత్రం అనిపించదు. "కొంచెమే పెంచాను" అనుకుంటాము. కాని వారం మొత్తానికి సరిపోయే వాటా ఒక్క ఆదివారం మధ్యాహ్నంతో అయిపోతుంది.

ఓపెన్ బ్యాక్ అంటే ఏమిటి?

చెవి మొత్తాన్ని చుట్టి కూర్చునే పెద్ద హెడ్‌ఫోనులలో రెండు రకాలు. గిన్నె వెనుక భాగం పూర్తిగా మూసి ఉంటే క్లోజ్డ్ బ్యాక్. వెనుక జాలీ లేక రంధ్రాలు ఉంటే ఓపెన్ బ్యాక్. ఈ రెండవ రకాన్ని జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ 1968లో హెచ్.డి. 414 అనే పేరుతో మొదట బజారుకు తెచ్చింది.

దీని లాభాలు నిజమైనవే. శబ్దం గిన్నెలో కొట్టుకోక బయటకు పోతుంది కనుక పాట తల లోపల కాక ఎదుట విశాలంగా పాడినట్లు ఉంటుంది. ఆటలో అడుగుల చప్పుడు ఏ దిక్కు నుండి వస్తుందో తెలుసుకోవడం చాలా మందికి తేలిక. చెవికి గాలి ఆడుతుంది. మన ఏప్రిల్, మే ఎండల్లో మూసిన రకం పెట్టుకుంటే అరగంటలో చెమట పట్టే సంగతి మీకు తెలిసినదే. మీ గొంతు మీకే వినబడుతుంది కాబట్టి అరిచి మాట్లాడరు. తలుపు తట్టినా, కుక్కరు కూత వేసినా, పసిబిడ్డ ఏడ్చినా తెలుస్తుంది.

నష్టం కూడా ఆ జాలీ నుండే వస్తుంది. మీ పాట బయటకు పోయినట్లే బయటి చప్పుడు లోపలికి వస్తుంది. చుట్టూ చప్పుడు ఉన్నప్పుడు మనిషి తెలియకుండానే దాని కన్నా పైకి సౌండు పెంచుతాడు. చెవిని గాయపరిచేది ఆ పెంపే. ఓపెన్ బ్యాక్ అయినంత మాత్రాన చెవికి క్షేమం అనుకోవద్దు. 95 డెసిబెళ్ళు ఏ గిన్నెలో నుండి వచ్చినా 95 డెసిబెళ్ళే.

ఎక్కడ ఏది పనికి వస్తుంది?

ఒంటరి గది, కిటికీ మూస్తే నిశ్శబ్దం: ఇక్కడ ఓపెన్ బ్యాక్ చక్కగా సరిపోతుంది. తక్కువ సౌండుతోనే ప్రతి వాయిద్యం వినబడుతుంది.

ముగ్గురు నలుగురు ఉండే హాస్టలు గది: ఓపెన్ బ్యాక్ వద్దు. మీ ఆట చప్పుడు రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న పక్క మంచం వారి నిద్ర పాడు చేస్తుంది. వారి మాటలు మీ సౌండు పెంచుతాయి.

రోడ్డు పక్క ఇల్లు, ఎదురుగా కట్టడం పని: నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు మించరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. మీ కిటికీ దగ్గర ఆ నియమం ఎంత నిలుస్తున్నదో మీకే తెలుసు. అటువంటి చోట మూసిన రకం మంచిది.

ఆఫీసు: ఫోనులో కస్టమరు చెప్పే మాటలు పక్క సీటుకు వినబడకూడదు. ఇక్కడ కూడా మూసిన రకమే.

మెట్రో, ఎం.ఎం.టి.ఎస్., ఆఫీసు బస్సు: బయటి హోరును తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ రకం మేలు. ఇంజను, ఏసీ వంటి ఒకే తీరు హోరును అది బాగా తగ్గిస్తుంది. అందువల్ల తక్కువ సౌండు చాలు.

బండి నడిపేటప్పుడు, రోడ్డు గాని రైలు పట్టాలు గాని దాటేటప్పుడు: ఏ రకమూ వద్దు. ఇందులో మినహాయింపు లేదు.

కొట్లో చూడవలసినవి

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని సి.టి.సి.కి వెళ్ళినా, కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళినా, వీలైతే పెట్టుకొని చూడకుండా కొనవద్దు.

1. కనీసం పావుగంట పెట్టుకోండి. చెవి దొప్ప మొత్తం గిన్నెలో ఇమడాలి, అంచు మీద నొక్కకూడదు. కళ్ళజోడు ఉన్నవారు జోడుతోనే చూడాలి. కణతల దగ్గర నొప్పి పుడితే ఇంట్లో రెండు గంటలు భరించలేరు.

2. బరువు చూడండి. 250 నుండి 300 గ్రాముల లోపు ఉంటే మెడకు సుఖం.

3. దిండ్లు చూడండి. మఖమలు వంటి గుడ్డ దిండ్లు చల్లగా ఉంటాయి, కాని తలనూనె పీల్చుకుంటాయి. తోలు వంటివి తుడవడం తేలిక, కాని చెమట పడుతుంది. ఏదైనా ఊడదీసి మార్చుకునేలా ఉండాలి.

4. ఓమ్‌ల సంఖ్య అడగండి. 32 ఓమ్‌ల రకాలు ఎక్కువగా ఫోనుకు, ల్యాప్‌టాప్‌కు సరిపోతాయి. 250, 300 ఓమ్‌ల వాటికి సాధారణంగా విడిగా యాంప్లిఫయర్ కావాలి. యాంప్లిఫయర్ వాడేవారు ప్రతిసారీ మరను సున్నాకు తిప్పిన తర్వాతనే హెడ్‌ఫోను తలకు పెట్టుకోవాలి. ముందురోజు పెంచి వదిలిన సౌండు ఒక్కసారిగా చెవిలో పడితే ప్రమాదం.

5. ఓపెన్ బ్యాక్ రకాలలో చాలా వాటికి మైకు ఉండదు, వైరు ఉంటుంది. ఫోనుకు పాత పిన్ను రంధ్రం లేకపోతే టైప్-సి ముక్క కూడా కొనవలసి వస్తుంది. ముందే లెక్క వేసుకోండి.

6. దరువు తక్కువగా ఉందని నిరాశ పడకండి. ఓపెన్ బ్యాక్‌లో దరువు సహజంగా కొంచెం పలచనగా ఉంటుంది. దాని కోసం సౌండు పెంచడం మొదలుపెడితే ఆ వస్తువు మీకు తగినది కాదు.

ఆటలు ఆడేవారికి

ఆటలో ఒక చిక్కు ఉంది. శత్రువు అడుగుల చప్పుడు మెల్లగా ఉంటుంది, తుపాకీ, బాంబు చప్పుడు పెద్దగా ఉంటుంది. అడుగులు వినడానికి సౌండు పెంచితే తుపాకీ పేలినప్పుడల్లా చెవికి దెబ్బ. కాబట్టి చాలా ఆటల్లో, కంప్యూటర్లలో చిన్న చప్పుళ్ళను పెంచి పెద్ద చప్పుళ్ళను తగ్గించే నైట్ మోడ్ వంటి ఏర్పాటు ఉంటుంది, దాన్ని వాడండి. ఆటలోని సంగీతాన్ని ఆపివేస్తే అడుగులు ఇంకా బాగా తెలుస్తాయి. గంటకొకసారి లేచి పది నిమిషాలు చెవులకు, కళ్ళకు విశ్రాంతి ఇవ్వండి.

సౌండు సరిగ్గా ఉందా?

"పక్కవారికి మీ పాట వినబడితే సౌండు ఎక్కువ" అని అందరూ చెబుతారు. మూసిన రకానికి ఆ మాట కొంతవరకు పనికి వస్తుంది. ఓపెన్ బ్యాక్‌కు పనికి రాదు, ఎందుకంటే తక్కువ సౌండులో కూడా అది బయటకు వినబడుతుంది. దీనికి వేరే పరీక్ష చేయండి. పాట నడుస్తుండగా చేయి చాపు దూరంలో ఒకరిని మామూలు గొంతుతో మాట్లాడమనండి. వారి మాట మీకు అర్థం కాకపోతే సౌండు ఎక్కువైనట్లే. మూసిన రకం వారు ఫోనులో సౌండుకు హద్దు పెట్టుకోవడం మేలు. అరవై శాతం దాటనివ్వకపోవడం మంచి అలవాటు.

శుభ్రత

దిండ్లను వారానికొకసారి తడి గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. వానాకాలంలో చెమ్మ వల్ల చెవిలో బూజు పట్టే జబ్బు వస్తుంది. కాబట్టి తలస్నానం చేసి తడి చెవులతో పెట్టుకోవద్దు. చెవిలో చీము, దురద ఉన్నవారి హెడ్‌ఫోను ఇతరులు వాడరాదు. గుబిలి తీయడానికి పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టవద్దు. చెవి నొప్పికి వెల్లుల్లి నూనె కాచి పోయడం మన ఇళ్ళలో ఉన్న అలవాటే. కర్ణభేరికి చిల్లు ఉంటే అది చాలా హాని చేస్తుంది.

ఈ సూచనలు ఉంటే ఆలస్యం చేయకండి

* హెడ్‌ఫోను తీసిన తర్వాత చెవిలో మోత, లేక చెవి మూసుకుపోయినట్లు ఉండడం
* జనం మధ్య ఎదుటివారి మాట సరిగ్గా పట్టుకోలేకపోవడం
* నిన్నటి సౌండు ఈ రోజు చాలకపోవడం
* మీరు పెద్దగా మాట్లాడుతున్నారని ఇంట్లోవారు అనడం

ఒక చెవి ఒక్కసారిగా వినబడకుండా పోతే మాత్రం అదే రోజు చెవి వైద్యుని చూడండి. అటువంటి జబ్బుకు మొదటి రోజుల్లో ఇచ్చే మందే ఎక్కువగా పని చేస్తుంది. కోఠిలో ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఉంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్షకు నొప్పి ఉండదు, సూది ఉండదు.

మొదట చెప్పిన యువకునికి ఆ పరీక్ష చేయించాము. 4000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి దిగి ఉంది. పెద్ద శబ్దం చేసే గాయం సాధారణంగా మొదట కనిపించేది అక్కడే. అతడు ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోనును ఊళ్ళో ఉన్న తమ్మునికి పంపాడు. ఆ ఇంటి వెనుక గదిలో రాత్రి కీచురాళ్ళు తప్ప ఏ చప్పుడూ ఉండదట. తాను మూసిన రకం తీసుకొని సౌండు సగానికి దించాడు. మళ్ళీ వచ్చినప్పుడు అడిగితే, "మోత తగ్గిందండి, కాని పూర్తిగా పోలేదు" అన్నాడు. పోకపోవచ్చు కూడా. ఆ మాట అతనికి చెప్పడం నాకు కష్టమైంది. మీకు చెప్పవలసిన అవసరం రాకూడదనే ఇదంతా వ్రాశాను.

మీరే జవాబు చెప్పుకోండి

1. నేను ఎక్కువసేపు వినే చోటు ఏది? అక్కడ నిశ్శబ్దం ఉందా?
2. నా సౌండుకు, గంటలకు లెక్క సరిపోతున్నదా?
3. హెడ్‌ఫోను తీసిన తర్వాత నా చెవికి నిశ్శబ్దం వినబడుతున్నదా?

మూడవ ప్రశ్నకు జవాబు "లేదు" అయితే, ఈ వారమే పరీక్ష చేయించుకోండి.