ఈ నెల మాట: ఇగం

మొన్న డిసెంబర్‌లో, సెమిస్టర్ పరీక్షలకు ముందు, నలుగురం పొద్దున్నే చిల్కూరు బాలాజీ గుడికి వెళ్లాం. పదకొండు ప్రదక్షిణలు. మూడో చుట్టుకే పాదాలు మొద్దుబారాయి. బయటికొస్తుంటే పూలమ్మే అవ్వ అంది: "ఇగం పెడుతున్నది బిడ్డా, సెవులకు గట్టుకోండ్రి."

నర్సీపట్నం నుంచి వచ్చిన మా రూమ్మేట్ "ఇగ ఏం పెడుతుందట?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ అది మా ఇంటి మాటే. మాది చేవెళ్ల దగ్గరి పల్లె. ఫస్టియర్‌లో హాస్టల్లో ఆ మాట అంటే నవ్వారని, అప్పట్నుంచి "చాలా చలిగా ఉంది" అంటున్నాను.

అర్థం: నిఘంటువుల్లో 'ఇగము' అంటే మంచు, చలి. మా ఊళ్లలో మాత్రం మామూలు చలికి వాడం. వేళ్లు కొంకర్లు పోయి చొక్కా గుండీ కూడా పెట్టుకోలేని చలే ఇగం.

వాడుక: చలి వేస్తుంది, వాన పడుతుంది, ఇగం మాత్రం 'పెడుతుంది'. 'ఇక' అనే అర్థంలో వాడే 'ఇగ' వేరు. రెండూ ఒకే వాక్యంలో: "ఇగ లోపలికి పా, ఇగం పెడుతున్నది."

మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువకు దిగి, సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ దాన్ని శీతల గాలులు అంటుంది. అది అంకెల లెక్క. ఇగం ఒంటి లెక్క. గుడి రాయి, పక్కనున్న గాలి ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా పాదానికి రాయే ఎక్కువ చల్లగా తగులుతుంది. ఒంట్లో వేడిని రాయి తొందరగా లాగేస్తుంది కాబట్టి. థర్మామీటర్‌లో కనిపించని ఆ తేడాకు అవ్వ దగ్గర మాట ఉంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో రూమ్మేట్‌కి ఇదంతా చెప్పాను. వాడు కాసేపాగి, "మా వైపు లంబసింగిని కొర్రబయలు అంటారు రా. బయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని" అన్నాడు. ఆ మాట వాడూ కాలేజీలో ఎప్పుడూ అనలేదట.

మీ ఇంట్లో చలికి ఏమంటారు? ఈసారి హాస్టల్లో ఆ మాటే అనండి. ఎవరైనా నవ్వితే అర్థం చెప్పండి.