ధర్మవరం చెరువు బురద, రెండు అయస్కాంతాలు



హిందూపురం కాలేజీ ల్యాబులో పెద్ద యంత్రాలు లేవని దిగులుపడ్డావట. 1963లో ఇటలీలోని పావియాలో సాల్వతోరే బెల్లీని మైక్రోస్కోపులోనే చూశాడు, కొన్ని సూక్ష్మజీవులు ఉత్తరానికే ఈదడం. 1975లో అమెరికాలో రిచర్డ్ బ్లేక్‌మోర్ వాటి సంగతి ప్రచురించాకే లోకానికి తెలిసింది. ఒక్కో కణంలో 35 నుంచి 120 నానోమీటర్ల మాగ్నటైట్ స్ఫటికాలు గొలుసుకట్టి ఉంటాయి.

వాటిని పట్టాలంటే, ధర్మవరం చెరువుకొకటి, పెనుకొండ చెరువుకొకటి గాజు సీసా తీసుకుని, ఒక్కోదాంట్లో ఒక వంతు చెరువు బురద, రెండు వంతుల చెరువు నీళ్లు పోసి, మూత వదులుగా పెట్టి, ఎండ తగలని మూల కొన్ని వారాలు కదపకుండా ఉంచాలి. తర్వాత బురదకు కాస్త పైన, సీసాకు ఒక పక్క అయస్కాంతం ఉత్తర ధ్రువం, ఎదురుపక్క ఇంకోదాని దక్షిణ ధ్రువం ఆనించాలి. అరగంట తర్వాత రెండు చోట్లనుంచీ చుక్క తీసి చూడాలి.

రెండు ధ్రువాలు ఎందుకంటే, అమెరికా ఉత్తర ప్రాంతాల్లో భూమి అయస్కాంత రేఖలు దాదాపు నిటారుగా కిందికి దిగుతాయి. ఉత్తరానికి ఈదితే బురదలోకి చేరినట్టే. పెనుకొండలో ఆ రేఖల వాలు పదిహేను డిగ్రీలకు అటూఇటూ, అంటే దాదాపు అడ్డంగానే ఉంటాయి. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర బ్రెజిల్‌లో వెతికితే ఉత్తరానికి ఈదేవీ, దక్షిణానికి ఈదేవీ రెండూ దొరికాయని 1981లో ప్రచురించారు. అందుకే మనమూ రెండు పక్కలా చూడాలి.

మన మట్టితోనే ఒక చిక్కుంది. చిత్రావతి ఇసుకలో అయస్కాంతం దొర్లిస్తే నల్లరేణువులు అంటుకొస్తాయి కదా! అలాంటి రేణువు ఏ ధ్రువం పెట్టినా దగ్గరికే వస్తుంది. బ్యాక్టీరియాను అయస్కాంతం లాగదు, దిక్కు తిప్పుతుంది, ఈదేది అదే. అందుకే ధ్రువం మార్చగానే వెనక్కి మళ్లుతుంది. చచ్చిన కణం తిరుగుతుందే గానీ ముందుకు సాగదు. ఈ పరీక్ష చేయకుండా లెక్క రాయకు.

అసలు కొలత ఆ మలుపులోనే ఉంది. అయస్కాంతాన్ని చటుక్కున తిప్పితే కణం అర్ధవృత్తంగా మళ్లుతుంది. వేగం, పరిమాణం, అయస్కాంత దూరం ఒకటే అయితే, బలమైన గొలుసున్న కణానిది ఇరుకు మలుపు. ఐపీస్ స్కేలుతో ఆ వెడల్పు కొలవచ్చు.

ఒకే జాతిని చిక్కగా పెంచగలిగితే 1995లో డిర్క్ షూలర్ బృందం చెప్పిన పద్ధతి ఉంది. కాంతికి సమాంతరంగా ఒకసారి, అడ్డంగా ఒకసారి అయస్కాంతం పెట్టి ఫోటోమీటర్ రీడింగులు తీసి, పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తారు. 1 వస్తే అయస్కాంతత్వం లేనట్టే. చెరువు బురదతో ఇది కుదరదు, ముందు మైక్రోస్కోపే.

ధర్మవరం సీసా, పెనుకొండ సీసా కలిపేయకు. ఒక్కోదాంట్లో వంద కణాలు చూసి, ఉత్తరానికి ఎన్ని, దక్షిణానికి ఎన్ని పోయాయో విడివిడిగా రాసి పంపు.

మీ తాతయ్య